ధ్యానంలో మెదడు తరంగాలు – మేలా, కీడా?

ధ్యానం చేస్తే మెదడు తరంగాలన్నీ ఒకే తాళంలో నడుస్తాయి, దానితో ఫిట్స్ జబ్బు కూడా పోతుంది అని కొందరు చెబుతున్నారు. అలా నడిస్తేనే ఫిట్స్ వస్తాయని మరికొందరు భయపడుతున్నారు. ఓ.పి.లో ఈ రెండు మాటలూ మేము వింటున్నాము.

మెదడు కణాలు పనిచేసేటప్పుడు సన్నని విద్యుత్తు పుడుతుంది. జర్మనీకి చెందిన డాక్టర్ హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడులోని ఈ విద్యుత్తును గీతలుగా నమోదు చేశారు. నేటి ఇ.ఇ.జి. పరీక్ష అదే. కళ్ళు మూసుకొని ఊరకే కూర్చున్నా చాలామందికి సెకనుకు 8 నుండి 13 సార్లు లేచిపడే ఆల్ఫా తరంగాలు కనబడతాయి. దానికి ధ్యానమే అక్కరలేదు.

మెదడులో రెండు చోట్ల తరంగాలు పొంతనగా నడవడాన్ని కొహెరెన్స్ అంటారు. గాఢనిద్రలో తరంగాలు కలిసి నడుస్తాయి, అది ఆరోగ్యమే. ఆబ్సెన్స్ ఫిట్స్ వచ్చే బిడ్డ ఆడుతూ ఆడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ నిలిచిపోతుంది. అప్పుడు కూడా సెకనుకు సుమారు 3 చొప్పున ఒకే రకం అలలు తలంతా కలిసే లేస్తాయి. అది జబ్బు. కాబట్టి పొంతన పెరిగిందన్న ఒక్క మాటతో మేలని గాని కీడని గాని చెప్పలేము.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు ఏళ్ళ తరబడి ధ్యానం చేసిన 8 మంది బౌద్ధులను పరీక్షించి, వారిలో గామా తరంగాల పొంతన ఎక్కువగా ఉందని 2004లో ప్రచురించారు. జబ్బు నయమైందని అందులో లేదు.

మౌనంగా కూర్చుంటే మనసు నెమ్మదిస్తుంది, మంచిదే. దానివల్ల ఫిట్స్ వస్తాయనడానికి గట్టి రుజువు లేదు. మా భయం వేరు. ధ్యానాన్ని నమ్మి ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నిద్ర లేకపోయినా ఫిట్స్ వస్తాయి. ఈ మాట ధ్యాన శిబిరాలకే కాదు, మన ఆల్‌నైట్ ప్రేయర్లకూ వర్తిస్తుంది. ఫిట్స్ ఉన్నవారు వేళకు మాత్ర వేసుకొని, మొదటి ఆరాధన కాగానే ఇంటికి వెళ్ళి పడుకోవాలి. సంఘపెద్దలు దయచేసి వారిని బలవంతపెట్టవద్దు.

ధ్యానంలో ఎవరికైనా విపరీతమైన భయం కలిగినా, లేని మాటలు వినబడినా ఆపి డాక్టరుగారికి చెప్పండి.

ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, చేతిలో తాళాలు పెట్టవద్దు. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.