ధారణ దాకా ఒక పద్యం

అష్టావధానానికి ముడిసరుకు పృచ్ఛకుల నుంచి, అంటే ఎదురుగా కూర్చుని అడిగే ఎనిమిది మంది నుంచి వస్తుంది. సమస్య ఇచ్చేవారు అర్థం పొసగని పాదమొకటి పడేస్తారు. అది అతికేలా మిగతా మూడూ కట్టాలి. దత్తపది వారు నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం అడుగుతారు. పద్యాలు కట్టే అవధాని చేతిలో కాగితం ఉండదు.

దత్తపదిలో కారు, లారీ వచ్చాయనుకుందాం. ముందు మాటల్ని విరుస్తారు. ‘కారు’ కారుమబ్బులో ఒదుగుతుంది, ‘లారీ’ ‘బాలా, రీతి’ మధ్య దాక్కుంటుంది. తర్వాత ఛందస్సు. ఉత్పలమాలైతే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. ఒక్క పాదం చెప్పి పక్కవారి వైపు తిరుగుతారు. ఇలా నాలుగు ఆవృత్తులు.

అసలు కష్టం నిషిద్ధాక్షరిలో. అక్కడ పృచ్ఛకుడు రాబోయే అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. రాముడి మీద కందం అడిగారు. అవధాని ‘శ్రీ’ అనగానే పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. ‘క’ అంటారు. ‘శ్రీకర’ రాబోతోందని పసిగట్టి మళ్ళీ ‘ర’కే అడ్డు. గురువు, లఘువు అయిపోయాయి కనుక ఇక్కడ లఘువే పడాలి. ‘ళ’ అంటారు: శ్రీకళ. ఈలోగా ‘క’ ప్రాస అయి కూర్చుంది, మిగతా మూడు పాదాలకూ రెండో అక్షరం అదే.

ఇదంతా జరిగేది మనసులోనే. విన్నది పట్టుకుంటూనే దానితో పనిచేసే అక్కడి జాగాను మనస్తత్వ శాస్త్రం వర్కింగ్ మెమరీ అంటుంది. 1974లో బాడ్లీ, హిచ్ దానికో నమూనా గీశారు. అందులో ఒకేసారి పట్టేవి నాలుగు ముక్కలేనని 2001లో కోవన్ లెక్కగట్టారు. ఈ జాగా పెద్దదైనవాళ్లు తర్క పరీక్షల్లోనూ ముందుంటారని పదే పదే తేలింది. 1990లో కిల్లొనెన్, క్రిస్టల్ అయితే రెండూ దాదాపు ఒకటేనన్నారు. అది కాస్త ఎక్కువే చెప్పడమని నా అభిప్రాయం.

ఆ ఇరుకు జాగాలోకే అప్రస్తుత ప్రసంగి చొరబడతాడు. ‘మీ ఆవిడకు ఛందస్సు వచ్చా?’ లాంటి కొంటె ప్రశ్న వేస్తాడు, నవ్వించే జవాబు తక్షణం కావాలి. మధ్యలో గంట మోగుతుంది, అదీ లెక్కపెట్టాలి.

చివరికి ధారణ. కట్టిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ఇన్ని అక్షరాలు నాలుగు ముక్కల్లో ఎలా పట్టాయి? పట్టలేదు. యతిప్రాసలు కొక్కేలై పాదాన్ని ఏనాడో కంఠస్థమైన వేల పద్యాల నడకకు తగిలిస్తాయి, జాగా ఖాళీ అవుతుంది. ఈ నేర్పు పక్క పనికి పాకదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఛేజ్, ఎరిక్సన్ దగ్గర సాధన చేసిన విద్యార్థి ఒకడు 79 అంకెలు ఒప్పజెప్పగలిగాడు. అక్షరాలిస్తే ఆరు దగ్గరే ఆగాడు.

పద్యాలు పూర్తయ్యాక అవధాని గంటల లెక్క చెబుతారు. గంట కొట్టినాయన చీటీ తీసి సరిచూస్తారు.