మట్టి లేని టొమాటో సాగు: వేరుకుళ్ళు తెగులు

మట్టి లేనిచో తెగులును ఉండదని కొందరు తలంతురు. అది పొరపాటు. నెదర్లాండ్స్ దేశపు గాజు గృహములలో టొమాటోను రాతి ఉన్ని (రాక్‌వూల్) పై నాటి, ఎరువులు కరగిన నీటితో పెంచుదురు. మొక్కలు పీల్చగా మిగిలిన నీటిని మరల తొట్టికి చేర్చి వాడుదురు. ఇందువలన నీరు, ఎరువు ఆదా యగును. కాని ప్రమాదము కూడ ఇందే గలదు. పిథియం అను సూక్ష్మజీవి బీజములు నీటిలో ఈదగలవు. ఒక్క మొక్క వేరు కుళ్ళినను ఆ నీరు తోటయంతటికి తెగులును చేర్చును.

గుర్తులు: మధ్యాహ్నవేళ ఆకులు వాడును. తెల్లని వేళ్ళు గోధుమరంగుకు మారును. పట్టి లాగినచో పైపొర ఊడి, లోని దారము మాత్రము మిగులును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు నీరసించును. కావున మన వేసవిలో పాలీహౌస్ రైతులు మరింత జాగరూకులై యుండవలెను.

నివారణ: తిరిగివచ్చు నీటిని శుద్ధి చేయక వాడరాదు. నెదర్లాండ్స్‌లో దానిని 95 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 30 సెకనులు వేడిచేయు పద్ధతి గలదు. తక్కువ ఖర్చుతో కూడినది, మన రక్షిత నీటి పథకములలో కనబడు నెమ్మది ఇసుక వడపోత. సన్నని ఇసుకగుండ నీరు గంటకు 10 నుండి 30 సెంటీమీటర్లు మాత్రమే దిగవలెను. అయితే వైరస్ తెగుళ్ళకు ఇది చాలదు. చేతులను, కత్తులను శుభ్రముగ నుంచుకొనవలెను.

పంచాయతీ సభ్యులారా! ఇట్టి సాగు తలపెట్టిన రైతు మీ సలహా కోరినచో, "తిరిగివచ్చు నీటికి ఏమి ఏర్పాటు చేసితివి?" అని మొదట అడుగుడు.