విదేశ నగరమున ప్రయాణ వ్యయము – పొదుపు

పుల్లలచెరువు వంటి మెట్ట ప్రాంతము నుండి పొట్ట చేతబట్టుకొని దుబాయి పోదలచినవారు అచటి జీతముతోపాటు రాకపోకల ఖర్చును గూడ తెలిసికొనవలెను. కంపెనీ బస్సు లేనివారికి ఇది మరింత ముఖ్యము.

దుబాయిలో 2009 సెప్టెంబరు 9న మెట్రో రైలు ప్రారంభమైనది. మెట్రో, బస్సు, ట్రాములకు ‘నోల్’ అను ఒకే కార్డు చెల్లును. నగరమును 7 జోన్లుగా విభజించిరి. సిల్వరు కార్డుపై ఒకే జోనులో 3 దిర్హములు, పక్క జోనునకు 5, అంతకు మించినచో 7.5. కాగితపు ఎర్ర టిక్కెట్టుపై ప్రతిసారి ఒక దిర్హము అధికము. సిల్వరు కార్డు వెల 25. అందు 19 ప్రయాణమునకే ఉపయోగపడును. తక్కిన 6 దిర్హములు, రోజునకు రెండు ప్రయాణముల చొప్పున, 3 దినములలో తిరిగివచ్చును. ఆపై 26 పనిదినముల నెలకు 52 దిర్హములు మిగులును.

మెట్రో దిగి 30 నిమిషములలోపు బస్సెక్కినచో అది అదే ప్రయాణముగా లెక్కింపబడును. ఆలస్యమైనచో కొత్త ఛార్జీ పడును. దిగునపుడు కార్డు తాకించుట మరువరాదు.

ఛార్జీలు మారవచ్చును. కాని ఏ నగరమునకు పోయినను కార్డు, జోను, కాలము అను మూడింటిని ముందుగా విచారింపవలెను. అచట మిగిల్చిన ప్రతి దిర్హమును ఇంటికి చేరునదే గదా!