ట్యాబ్‌లో పిడికెడు బియ్యం

వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం మన ఊళ్లలో చాలా ఇళ్లకు తెలిసిన అలవాటు. నెలాఖరుకు ఆ డబ్బా గుడికో, చర్చికో, పొయ్యి వెలగని ఇంటికో చేరేది. జనగామ, మానుకోట, భూపాలపల్లిలో డిగ్రీయో బీటెక్కో చదువుతూ ప్రాజెక్టుకు అంశం దొరక్క తల పట్టుకున్నవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: ఆ డబ్బాను బ్రౌజర్‌లో పెట్టండి.

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచింది. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. ఇలాంటి వార్త టీవీలో ఉన్నన్నాళ్లు సాయం బాగానే అందుతుంది. కెమెరాలు వెళ్లిపోయాక జూన్‌లో పుస్తకాలు కొనాలన్నప్పుడు అడిగేవాళ్లుండరు. చిన్నమొత్తం, ప్రతి వారం అన్న ఆలోచనకు విలువ అక్కడే.

చేయాల్సిన పని పెద్దదేం కాదు, బ్రౌజర్‌కు తగిలించే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడల్లా పావలా లెక్కలోకి చేరాలి. వారం చివర మొత్తం చూపించి, మీరు ఎంచుకున్న సంస్థ యూపీఐ క్యూఆర్ కోడ్ తెరమీదికి రావాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. దీనికి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, మ్యానిఫెస్ట్ అనే చిన్న ఫైలు సరిపోతాయి. యూట్యూబ్‌లో పాత పాఠాలు చూసి మొదలుపెట్టకండి. క్రోమ్ ఇప్పుడు మూడో వెర్షన్ మ్యానిఫెస్ట్‌నే అడుగుతోంది.

కొత్తవాళ్లు దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. లెక్కను మామూలు వేరియబుల్‌లో పెడతారు. వెనక నడిచే సర్వీస్ వర్కర్ పని లేకపోతే 30 సెకన్లలో నిద్రపోతుంది, మళ్లీ లేచేసరికి లెక్క సున్నా. దాత పన్నెండు రూపాయలు కూడబెట్టాననుకుంటాడు, డబ్బా ఖాళీ. అందుకే ప్రతి పావలానూ స్టోరేజ్‌లో రాయాలి, వారం గుర్తు చేయడానికి అలారమ్స్ వాడాలి. ఈ ఒక్క తప్పును మీరే పట్టుకుని సరిదిద్దుకుంటే, ఇంటర్వ్యూలో పది నిమిషాలు ధైర్యంగా మాట్లాడొచ్చు.

కోడ్ కన్నా చిక్కు డబ్బుతోనే. అందరి డబ్బూ మీ ఖాతాలోకి తెచ్చుకుని తర్వాత పంచుదామన్న ఆలోచన అసలు వద్దు. ఇతరుల చెల్లింపులు పోగుచేసి అందించే పేమెంట్ అగ్రిగేటర్‌కు రిజర్వ్ బ్యాంకు అనుమతి కావాలి, దరఖాస్తు నాటికే 15 కోట్ల రూపాయల నికర విలువ చూపాలి. క్యూఆర్ కోడ్ నేరుగా సంస్థదే ఉంటే ఈ తలనొప్పి మీకు రాదు. ఏ నెలకానెల దానంతటదే కట్ కావాలంటే యూపీఐ ఆటోపే ఉంది. దాన్ని సంస్థే పెట్టుకోవాలి, డబ్బు కట్ అయ్యే ముందు దాతకు సమాచారం వెళ్లాలి. విదేశాల నుంచి ఇచ్చేవాళ్ల విషయంలో పాస్‌పోర్టు చూడాలి: అమెరికాలో ఉన్న భారత పౌరుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరివాడు పంపితే మాత్రం వస్తుంది. అప్పుడు పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి.

ఇంతకుముందు ఇలాంటివి వచ్చాయి. 'ట్యాబ్ ఫర్ ఎ కాజ్' కొత్త ట్యాబ్‌లో ప్రకటనలు చూపి, వచ్చిన ఆదాయంలోంచి సేవాసంస్థలకు ఇస్తుంది. కొనుగోలులో అర శాతం విరాళంగా ఇచ్చిన అమెజాన్ స్మైల్‌ను ఆ కంపెనీ 2023 ఫిబ్రవరిలో మూసేసింది. అందుకే నాకు పావలా డబ్బా నచ్చుతుంది. ఇందులో ఇచ్చేది మనిషి, కంపెనీ దయ మీద ఆధారపడే పని లేదు.

మరి దీన్ని వాడేదెవరు? ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు నడవవు, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తాయి. అంటే ఫోన్‌తోనే కాలం గడిచే పాలకుర్తిలోని మీ ఇంట్లోవాళ్ల కన్నా, పట్నంలో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మీ అన్నయ్యకే ఇది పనికొస్తుంది. మొదటి దాత అతనే. అయినా ఎక్స్‌టెన్షన్ తెలుగులో మాట్లాడాలి. ఇందుకు క్రోమ్‌లో భాషల ఏర్పాటు ఉంది, 'టీఈ' అనే ఫోల్డర్‌లో మాటలు రాసిపెడితే చాలు. దయచేసి 'దానం చేయుము' లాంటి పుస్తక భాష రాయకండి.

అన్ని వెబ్‌సైట్లూ చదివే అనుమతి అడగొద్దు. లెక్కించడానికి అది అక్కర్లేదు, అడిగితే స్టోర్ పరిశీలన ఆలస్యమవుతుంది, జనానికీ అనుమానం వస్తుంది. క్రోమ్ స్టోర్‌లో డెవలపర్‌గా చేరడానికి ఒకసారి కట్టే రుసుము 5 డాలర్లు. ఫైర్‌ఫాక్స్‌లో అదీ లేదు.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి కదా. ఫ్రంట్ ఎండ్, చెల్లింపుల కంపెనీలు, సేవాసంస్థల సాంకేతిక విభాగాలు అన్నిచోట్లా అడిగేది ఒకటే: నలుగురు వాడే పని ఏదైనా చేశారా? కాలేజీ బయట కొని తెచ్చి సమర్పించే ప్రాజెక్టు ఆ ప్రశ్న ముందు నిలవదు.

మొదట పదిమందికే ఇవ్వండి. నెల తర్వాత ఎంతమంది తీసేశారో చూడండి. తీసేసినవాళ్లకు ఫోన్ చేసి ఎందుకని అడగండి. వాళ్లు చెప్పిందే గిట్‌హబ్‌లో మీ ప్రాజెక్టు మొదటి పేరాగా రాయండి.