మన ఇంగ్లీషులో ‘నేను’ ఎక్కడ తప్పిపోతుంది?

‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...’ ఈ వాక్యం రాయకుండా పదో తరగతి దాటినోళ్లు మన కాలేజీలో ఎవరూ ఉండరు. నిజంగా జ్వరమొచ్చినా, మేనమామ పెండ్లి ఉన్నా, ఊరికే బడి ఎగ్గొట్టినా అదే లీవ్ లెటర్. దాని వెనుక వచ్చే ముక్క కూడా అందరికీ నోటికొచ్చు: ‘సో ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ’. ఇప్పుడు రెండు ముక్కలనూ కలిపి ఒకే వాక్యంగా చదవండి. ముందు ‘యాజ్’ ఉంది, మధ్యలో ‘సో’ ఉంది. రెండూ చేసే పని ఒకటే, కారణాన్నీ ఫలితాన్నీ కలపడం. ఇంగ్లీషులో ఆ పనికి ఒక్క పదం చాలు. రెండోది పెడితే తప్పు.

ఇంత చిన్న తప్పు ఇంతమందిమి ఒకే తీరుగా ఎందుకు చేస్తున్నాం? ‘మనకు ఇంగ్లీషు రాదు’ అనేది నాకు జవాబులా అనిపించదు. రానివాళ్లు తలో రకంగా తప్పు రాయాలి కదా! కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాలలో, ఇంగ్లీష్ మీడియం బడిలో చదివినోళ్లు కూడా ఒకే తప్పు చేస్తున్నారంటే దాని వెనుక ఏదో రూల్ నడుస్తున్నట్టే. ఆ రూల్ తెలుగుది. వెతికితే మన తెలుగు వాక్యం ఎట్ల కట్టి ఉందో కూడా బయటపడుతుంది.

ఇది లీవ్ లెటర్‌తో అయిపోయే ముచ్చట కాదు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’. అక్కడ మనం చెప్పేవన్నీ ‘నేను’ వాక్యాలే: నేను ఎక్కడినుంచి వచ్చిన, ఎందుకు ఈ బ్రాంచ్ తీసుకున్న, ఏం ప్రాజెక్ట్ చేసిన. వాటిని కలిపేవి బికాజ్, సో, వెన్, ఆఫ్టర్, దో, హౌఎవర్, యాక్చువల్లీ లాంటి చిన్న చిన్న పదాలు. కోడింగ్ రౌండ్ దాటినోళ్లు కూడా ఈ పదాల దగ్గర తడబడి, ఆ తర్వాత గ్రూప్ డిస్కషన్‌లో నోరే తెరవకపోవడం మనందరం చూస్తున్నదే.

డేటా స్ట్రక్చర్స్‌లో ప్రిఫిక్స్, పోస్ట్‌ఫిక్స్ అని చదివినం కదా, దాంతోనే మొదలుపెడదాం. ప్రిఫిక్స్‌లో ‘+ ఎ బి’ అని ఆపరేటర్ ముందుంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ‘ఎ బి +’ అని చివర్న ఉంటుంది. ప్రిఫిక్స్‌ను పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషేవిచ్ కనిపెట్టిండు కాబట్టి దాన్ని పోలిష్ నొటేషన్ అంటారు. ఇంగ్లీషు ఉపవాక్యం ప్రిఫిక్స్. ‘ఇఫ్ ఐ కమ్’, ‘వెన్ ఐ కేమ్’, ‘దో ఐ కేమ్’ చూడండి, ఆపరేటర్ ముందు, దాని వెంటనే ‘ఐ’, ఆ తర్వాత క్రియ. తెలుగు పోస్ట్‌ఫిక్స్. ‘వస్తే’, ‘వచ్చినప్పుడు’, ‘వచ్చినా’, ‘వచ్చినంక’ అన్నప్పుడు ఆపరేటర్ క్రియ తోకకే అతుక్కుంది. ‘నేను’ అసలు కనిపించనే లేదు.

ఇది నిజమేనా అని చూడటానికి క్యాంటీన్‌లో కూర్చుంటే చాలు. మనం మాట్లాడే తెలుగులో ఇంగ్లీషు కలిపే పదాలు ఎన్నో దూరినయి: ‘సో నేనేమన్ననంటే’, ‘బట్ నాకు తెల్వది’, ‘బికాజ్ నాకు టైమ్ లేకుండె’. ఇవి రోజూ వినేవే. మరి ‘ఇఫ్ నేను వస్తే’ అని ఎవరైనా అన్నారా? ‘దో నేను చదివినా’ అని? ‘వెన్ నేను పోయినప్పుడు’ అని? నేనైతే వినలేదు. సో, బట్, బికాజ్ దూరినయంటే, తెలుగులో ‘అందుకే’, ‘కానీ’, ‘ఎందుకంటే’ అనేవి కూడా వాక్యం మొదట్లో నిలబడతయి, వాటి కుర్చీలో ఇవి కూర్చున్నయి. ఇఫ్, వెన్, దోలకు కుర్చీ లేదు. ఆ పని మన క్రియ తోకే చేసేస్తుంది.

పైగా మొదట్లో నిలబడే మన పదాలు కూడా లోపల చూస్తే తోకలే. ‘అయితే’, ‘అయినా’, ‘కాబట్టి’, ‘కానీ’ ఇవన్నీ ‘అవు’ అనే ఒకే క్రియ రూపాలు. ‘ఎందుకంటే’ అంటే ‘ఎందుకు’ ప్లస్ ‘అంటే’, అది ‘అను’ క్రియ. ‘జ్వరమొచ్చింది. అయినా కాలేజీకి పోయిన’ అంటే ఆ ‘అయినా’ ముందు వాక్యం మొత్తాన్నీ మూటగట్టి ‘అట్ల అయినా కూడా’ అంటున్నది. వాక్యం మొదట్లో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ దాని చూపు వెనక్కే. ఈ సంగతి తెలిసినంక నాకు తెలుగు వాక్యం మీద గౌరవం పెరిగింది, నిజంగా. రెండే రెండు క్రియలతో ఇంత సంసారం నడుపుతున్నది!

ఇప్పుడు ‘యాజ్’, ‘సో’ జంట దగ్గరికి వద్దాం. తెలుగులో తోక ఎట్లాగూ ఉంటుంది. వినేవాళ్లకు ముందే సూచన ఇవ్వాలంటే మొదట్లో ఇంకో పదం పెడతాం. ‘ఒకవేళ నేను రాకపోతే’లో ‘ఒకవేళ’ ముందు, ‘తే’ వెనుక. ‘ఎందుకంటే నాకు జ్వరమొచ్చింది కాబట్టి’ అని మాట్లాడేటప్పుడు అందరం అంటాం. అంటే తలుపుకు పైన ఒక గొళ్లెం, కింద ఒక గొళ్లెం. తెలుగులో అది తప్పు కాదు, అర్థం ఇంకా గట్టిపడుతుంది. మా దిక్కు ఇంకో కారణం కూడా ఉందనుకుంటున్న. మన చుట్టూ వినిపించే ఉర్దూ కూడా జంట పదాలదే. ‘అగర్’ అంటే వెనుక ‘తో’ రావాలి, ‘హాలాంకి’ అంటే ‘లేకిన్’ రావాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది ఉర్దూ మీడియంతోనే. అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో 1931లో పుట్టిన సినారె చదివింది కూడా ఉర్దూ మీడియమే. మన తాతల తరానికి బడి భాష అది, మనకు ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు జంట, వీధిలో ఉర్దూ జంట విని పెరిగిన చెవికి ‘దో ఐ స్టడీడ్ వెల్, బట్ ఐ ఫెయిల్డ్’ అనేదే నిండుగా వినిపిస్తుంది. ఒక్క ‘దో’ పెట్టి వదిలేస్తే ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది.

ఇంగ్లీషు మాత్రం ఒక్క గొళ్లెం చాలంటుంది. ‘దో ఐ స్టడీడ్ వెల్, ఐ ఫెయిల్డ్’ అనాలి, లేదా ‘ఐ స్టడీడ్ వెల్, బట్ ఐ ఫెయిల్డ్’ అనాలి. ‘యాజ్’ పెడితే ‘సో’ తీసెయ్యాలి. ‘అన్‌లెస్ ఐ డోంట్ కమ్’ కూడా ఈ జాతిదే. ‘రాకపోతే’లో ఉన్న ‘కాదు’ అన్‌లెస్ కడుపులోనే ఉంది, మళ్లీ ‘డోంట్’ ఎందుకు? ‘టిల్ ఐ డోంట్ కమ్’ అనేది ఉర్దూ దారిలో వచ్చింది. ‘జబ్ తక్ మై నై ఆతా’లోని ‘నై’ అది. తెలుగులో ‘నేను వచ్చేదాకా’ అని శుభ్రంగా అంటాం, అక్కడ ‘కాదు’ లేదు. అంటే ఈ ఒక్కచోట తెలుగులో ఆలోచిస్తేనే ఇంగ్లీషు కరెక్ట్ వస్తుంది.

ఇక అసలు ‘నేను’ తప్పిపోయే చోటు.

మన కరీంనగర్ క్రియను చూడండి: వచ్చిన, వచ్చినం, వచ్చినవ్, వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు. ‘మేము’కు గుర్తు ఉంది, ‘నువ్వు’కు ఉంది, ‘ఆయన’కు ఉంది. ‘నేను’కు మాత్రం ఏ గుర్తూ లేదు. కోస్తాలో ‘వచ్చాను’ అని చివర ‘ను’ పలుకుతారు, మనం అదీ వదిలేసినం. గుర్తు లేకపోవడమే గుర్తు. మన భాషలో చెప్పాలంటే ‘నేను’ అనేది డిఫాల్ట్ వాల్యూ. ఈ గుర్తులు కూడా వాక్యం చివర ఉండే క్రియకే. మధ్యలో వచ్చే ‘వస్తే’, ‘వచ్చి’, ‘వచ్చినంక’లకు నేను, నువ్వు, ఆమె అనే భేదమే లేదు. ‘ఇంటికి పోయి, స్నానం చేసి, తిని, పండుకున్న’ అన్న వాక్యంలో నాలుగు పనులు ఉన్నయి కానీ చేసినోడు ఎవరో చివర్న ఒక్కసారే తెలుస్తది. ఇంగ్లీషు అట్ల ఊరుకోదు. వెన్, ఆఫ్టర్, బికాజ్, ఏది వచ్చినా దాని పక్కన ‘ఐ’ని హాజరు పరచాలి.

హాజరు పరచకపోతే ఏమవుతుందో చూడండి. సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లలో ఇట్లాంటి వాక్యం మామూలు: ‘ఆఫ్టర్ కంప్లీటింగ్ ఇంటర్, మై ఫాదర్ జాయిన్డ్ మీ ఇన్ బీటెక్.’ మన చెవికి ఏ లోపమూ లేదు. ‘ఇంటర్ అయిపోయినంక మా నాన్న నన్ను బీటెక్‌లో జాయిన్ చేసిండు’, అంతే కదా. కానీ ఇంగ్లీషు చెవికి ఇంటర్ పూర్తి చేసింది నాన్న! ఆ తర్వాత ‘జాయిన్డ్ మీ’ అంటే నాన్న వచ్చి మనతోపాటు బీటెక్‌లో చేరిండని. ఇద్దరూ ఒకే బెంచీ అన్నమాట.

దీనికి జవాబు మన స్కూలు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మార్కుల కోసం బట్టీ పట్టినవి గుర్తున్నయా? ‘వచ్చి’ అనేది క్త్వార్థకం. దాని కర్త, చివరి క్రియ కర్త ఒక్కరే కావాలి. ‘ఇంటికి చేరి అమ్మ చాయ్ ఇచ్చింది’ అంటే ఇంటికి చేరింది అమ్మే. ‘ఇంటికి చేరినంక అమ్మ చాయ్ ఇచ్చింది’ అంటే చేరింది నేను కావచ్చు. ఇంగ్లీషు ‘ఆఫ్టర్ రీచింగ్ హోమ్’ను మనం ‘చేరినంక’ అనుకొని వాడుతున్నం. కానీ అది నడుచుకునేది ‘చేరి’ లెక్క. మీరు రాసిన వాక్యాన్ని తెలుగులో ‘చేరి’, ‘చేసి’, ‘చదివి’ అని పెట్టి చదవండి. ‘ఇంటర్ చదివి మా నాన్న నన్ను బీటెక్‌లో చేర్చిండు’ అంటే మనకే నవ్వొస్తుంది. నవ్వొస్తే ‘ఆఫ్టర్ ఐ కంప్లీటెడ్ ఇంటర్’ అని ‘ఐ’ని లోపలికి తెచ్చుకోవాలి. ఏ ఇంగ్లీషు గ్రామర్ పుస్తకమూ చెప్పని టెస్ట్ ఇది, తెలుగు వచ్చినోళ్లకే పనికొస్తుంది.

‘నేను’ తప్పిపోయే ఇంకో చోటు ‘అని’. ‘రవి నేను రేపు వస్త అని చెప్పిండు.’ ఇందులో ‘నేను’ ఎవరు? రవి. మనకు క్షణం కూడా డౌట్ రాదు, ‘అని’ అనేది కొటేషన్ మార్కులాంటిది కాబట్టి. ‘తను వస్తానన్నాడు’ అనే మాట ఇంకా విచిత్రం. కర్త ‘తను’, లోపలి క్రియ మాత్రం ‘వస్తాను’ అని ‘నేను’ రూపంలోనే ఉంది. దీన్ని ఉన్నదున్నట్టు ‘రవి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అని మెయిల్ రాస్తే, టీమ్ లీడర్ రేపు మీకోసం ఎదురుచూస్తడు, రవి కోసం కాదు. ఇంగ్లీషు ‘దట్’కు కొటేషన్ మార్కు బలం లేదు. అది రాగానే ‘ఐ’ మళ్లీ రాసేవాడిదే అయిపోతుంది. ‘రవి సెడ్ హీ వుడ్ కమ్’ అనాలి.

క్రియావిశేషణాల గురించి కొంచెం. ‘హౌఎవర్’ తర్వాత కామా ఉందా లేదా అన్నది చూసుకోండి. ‘హౌఎవర్, ఐ ట్రైడ్’ అంటే ‘అయినా ప్రయత్నించిన’. కామా లేకుండా ‘హౌఎవర్ ఐ ట్రైడ్’ అంటే ‘ఎట్ల ప్రయత్నించినా’, ఇంకా వాక్యం పూర్తి కాలేదు, చదివేవాళ్లు మిగతాది ఏదని వెతుకుతరు. ‘యాక్చువల్లీ ఐ’, ‘బేసికల్లీ ఐ’ తప్పు కాదు, కానీ ప్రతి వాక్యానికీ తగిలిస్తే ‘అసలు’ అనే మాట విలువ పోయినట్టే.

‘ఈవెన్ ఐ’ మాత్రం జర జాగ్రత్త. ‘నేను కూడా కరీంనగరే’ అనేదానికి మనోళ్లు ‘ఈవెన్ ఐ యామ్ ఫ్రమ్ కరీంనగర్’ అంటరు. ఇంగ్లీషులో దాని రుచి ‘నాలాంటోడు సైతం కరీంనగరే’ అని. మన ‘కూడా’ రెండు పనులూ చేస్తుంది, ఇంగ్లీషు పంచుకుంది. ‘ఐ యామ్ ఫ్రమ్ కరీంనగర్ టూ’ అన్నా, ‘సో యామ్ ఐ’ అన్నా సరిపోతుంది. ఈ రెండోదాంట్లో ‘ఐ’ వెనక్కి పోయింది, గమనించిన్రా? ‘నీదర్ డూ ఐ’, ‘నెవర్ హావ్ ఐ’, ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ’ కూడా అంతే. కొన్ని పదాలు ముందుకొచ్చినప్పుడు ‘ఐ’ పక్కకు జరిగి సహాయక క్రియకు దారిస్తుంది. ఇంగ్లీషులో ఇది పాత అలవాటు, రాతలో ఎక్కువ. ఇంటర్వ్యూలో ‘నెవర్ హావ్ ఐ’ అని మొదలుపెట్టాల్సిన పని లేదు, చదివితే అర్థమైతే చాలు. ‘టుడే ఓన్లీ ఐ కేమ్’ మాత్రం మన ‘ఇయ్యాల్నే వచ్చిన’లోని ‘ఏ’ వేసుకున్న ఇంగ్లీషు అంగీ. హైదరాబాద్‌లో, బెంగళూరులో అందరికీ అర్థమవుతుంది. బయటి క్లయింట్‌కు రాసేటప్పుడు ‘ఐ కేమ్ ఓన్లీ టుడే’ అని మార్చుకుంటే చాలు.

తెలుగు వాక్య నిర్మాణం గురించి ఇంకా చదవాలనుకుంటే భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు’ ఉంది, 1985లో వచ్చింది. ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణం కాబట్టి తెలుగు పరిభాష అంటే భయపడే మనలాంటోళ్లకు సులువే.

ఇప్పుడు మీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఫైల్ తీయండి. ఆఫ్టర్, యాజ్, దో, వెన్ ఎక్కడెక్కడ ఉన్నయో గీత గీయండి. ఒక్కోదాని పక్కన ‘ఐ’ ఉందా, లేకపోతే ‘చేసి’ పెట్టి చదివినప్పుడు నవ్వొస్తుందా, వెనుక రెండో గొళ్లెం ఏమన్నా ఉందా చూడండి. రెండు నిమిషాల పరిచయానికి పావుగంట కూడా పట్టదు.