పది పరీక్షలకూ జూన్‌కూ మధ్య

మన సంఘం దాతలు ఎక్కువగా చూసేది ఫీజుల పద్దు, పుస్తకాల పద్దు. ఆ రెండూ జూన్‌లో మొదలై మార్చితో ముగుస్తాయి. పదో తరగతి పరీక్షలు సాధారణంగా ఏప్రిల్ మొదటి వారానికల్లా అయిపోతాయి, ఇంటర్ కాలేజీలు జూన్ మొదట్లో తెరుస్తారు. ఈ మధ్యలోని రెండు నెలలకు మన పద్దుల్లో చోటు లేదు. మేం ఉపాధ్యాయులం పిల్లల్ని పోగొట్టుకునేది మాత్రం ఎక్కువగా అప్పుడే.

ఎలాగంటే, కుర్రవాడు ఇంట్లో ఖాళీగా ఉన్నాడని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బట్టల షాపులోనో, ఎల్‌బీ నగర్‌లో మెకానిక్ షెడ్డులోనో పెడతారు. మొదటి నెల జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు. జూన్ వచ్చేసరికి ఆ జీతం ఇంటి అద్దెలో కలిసిపోయి ఉంటుంది. ఇక కాలేజీకి పంపాలంటే ఫీజు కట్టడం ఒక్కటే కాదు, వస్తున్న జీతాన్నీ వదులుకోవాలి. మన స్కాలర్‌షిప్పు ఫీజును తీరుస్తుంది. పోయే జీతం సంగతి ఎవరూ అడగరు.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఈ ప్రాంతపు పిల్లలకు వేసవి పనికి ఒక హద్దు ఉండేది. మామిడి ఏప్రిల్, మే నెలల్లో జోరుగా వచ్చేది. కాయలు ఏరడం, గడ్డి పరిచి పెట్టెలు నింపడం, మోయడం. మంచి పని అని నేననను, తెల్లవారుజామున మొదలయ్యే పని పిల్లలకు తగినది కాదు. కానీ మామిడి అయిపోతే పనీ అయిపోయేది, కుర్రవాడు తిరిగి పుస్తకం పట్టేవాడు. 2022 నాటికి మార్కెట్ హయత్‌నగర్ అవతల బాటసింగారానికి తరలిపోయింది. షాపు ఉద్యోగానికి అలాంటి ఆఖరి రోజు ఉండదు.

చట్టం ఏమంటుందో తల్లిదండ్రులకే కాదు, చాలామంది యజమానులకూ తెలియదు. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. సొంత కుటుంబానికి బడి అయ్యాక సాయం చేయడం వంటి మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని గనుల్లో, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు. మిగతా చోట్ల పెట్టవచ్చు, కానీ రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి. పండుగ సీజన్‌లో రాత్రి పదింటికి షట్టర్ దించే షాపులు మనకు తెలియనివా?

అంటే పదిహేనేళ్లవాడు తగిన చోట పని చేయడం తప్పు కాదు. కాకపోతే ఆ పనికి ప్రభుత్వం సొమ్ము రాదు. ఉపాధి హామీ పనులు పల్లెలవి, పద్దెనిమిది నిండాలి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని 2024లో తెచ్చినప్పుడు ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగేళ్ల వారికి పెట్టారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పద్నాలుగేళ్లకే తలుపు తెరిచింది. 2019 నిబంధనల్లో స్టైపెండు 5,000 నుంచి 9,000 రూపాయలుగా పెట్టారు, అందులో నాలుగో వంతు, 1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది. బాగానే ఉంది. అయితే ఆ శిక్షణ కనీసం ఆరు నెలలు. కాలేజీకి వెళ్లాల్సిన పిల్లవాడికి ఉన్నవి రెండే.

అమెరికాలో ఈ రెండు నెలలకే ప్రభుత్వాలు ఖర్చు పెడతాయి. న్యూయార్క్ నగరం 1963 నుంచి పేద ఇళ్ల పిల్లలకు వేసవి పని ఇప్పిస్తోంది. అడిగేవారు ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు, అందువల్ల పని దొరికినవారినీ దొరకనివారినీ పోల్చి చూడడం పరిశోధకులకు వీలైంది. 2012లో షికాగోలో ఎనిమిది వారాలు, వారానికి ఇరవై ఐదు గంటలు పని ఇచ్చారు. తర్వాతి పదహారు నెలల్లో హింసాత్మక నేరాల కింద అరెస్టులు 43 శాతం తగ్గాయి. న్యూయార్క్‌లో జైలుకు వెళ్లేవారు, చనిపోయేవారు తగ్గారు గానీ, ఆ పిల్లల తర్వాతి సంపాదన మాత్రం పెరగలేదు. ఈ రెండో మాటను దాచి మొదటిదే చెప్పడం న్యాయం కాదు. మనకు పనికొచ్చేది బోస్టన్ ఫలితం: అక్కడ వేసవి పని చేసినవారిలో సకాలంలో హైస్కూలు పూర్తి చేసినవారు ఎక్కువ.

ప్రభుత్వాన్ని అడగాల్సిందే. అడిగేటప్పుడు చేతిలో ఒక వేసవి లెక్క ఉంటే మాట నిలుస్తుంది. ఇరవై మంది పిల్లలతో మొదలుపెట్టవచ్చు. రోజుకు ఐదు గంటలు, వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు, అంటే ముప్పై ఆరు రోజులు. రోజుకు 200 చొప్పున ఒక్కొక్కరికి 7,200 రూపాయలు, వారం వారం చేతికి. ఆపైన 1,800 విడిగా, జూన్‌లో ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ ఏదో ఒకదాని అడ్మిషన్ రసీదు చూపినప్పుడు. ఇది కూలి ఆపుకోవడం కాకూడదు, అందుకే విడి లెక్క. మొత్తం 1,80,000.

పని చోట్లకు మనకు కొరత లేదు. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని దిల్‌సుఖ్‌నగర్ నిండా పుస్తకాల షాపులు, జిరాక్స్, డీటీపీ సెంటర్లు ఉన్నాయి. మందుల షాపులు, కళ్లద్దాల షాపులు, మొబైల్ రిపేరు షాపులూ ఉన్నాయి. వాటి యజమానుల్లో ఈ సంచిక చదివేవారూ ఉంటారు. జీతం సంఘం ఇస్తుంది, వారు ఇవ్వాల్సింది నేర్పే ఓపిక, పనివేళల విషయంలో మాట. ఆఖరి తేదీ మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. బాగా పని చేస్తున్నాడని జూన్‌లో ఆపుకునే షాపుకు మరుసటి ఏడాది పిల్లల్ని పంపకూడదు.

ఆడపిల్లల విషయం వేరుగా ఆలోచించాలి. వారికి వేసవిలో పని లేదనుకుంటాం. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు, ఎంత చేసినా ఆ డబ్బు లెక్కలోకి రాదు. షాపుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. చిన్న తరగతుల పిల్లలకు ఉర్దూ, లెక్కలు చెప్పే పని, లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని అయితే అబ్బాజాన్‌లు కాదనరని నా అనుభవం. ఇరవైలో పది చోట్లు వారికి ఉంచాలి.

ఇళ్లకు వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడాల్సింది మార్చిలో, పరీక్షల ముందే. ఏప్రిల్ రెండో వారానికి వెళ్తే కుర్రవాడు అప్పటికే షాపులో ఉంటాడు.