వచ్చినవాళ్లకు పని చెప్పండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి, పాలకూ పెట్రోలుకూ జనం బారులు తీరారు. అలాంటప్పుడు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటేసుకుని, పై ఊళ్లలో ఉన్న చుట్టాల ఇళ్లకు చేరడం కొత్తేమీ కాదు. నర్సీపట్నం దాటి కొయ్యూరు దాకా ఆ చుట్టరికాలున్నాయి.

ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చినప్పుడు పునరావాస కేంద్రాల్లో ఉన్న ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు, కుటుంబానికి మూడు వేల దాకా ప్రకటించింది. ఆ సాయం కావలసిందే. కానీ మన గడప లోపల మనం ఎలా మసలుకోవాలో ఏ జీవో చెప్పదు. అది మన మనసుకు మనం నేర్పుకోవాల్సిన చదువు.

మొదటి రోజు అందరూ మంచివాళ్లే. వేడన్నం వండుతాం, ఉన్న ఒక్క మంచాన్నీ ఇచ్చేస్తాం, ఊరంతా వచ్చి పలకరిస్తుంది. నాలుగో రోజుకి బాత్‌రూము దగ్గర వరస మొదలవుతుంది, మన పిల్లాడి పుస్తకాలు కనబడవు, పప్పు డబ్బా ఖాళీ అవుతుంది. మన స్వభావం బయటపడేది ఆ రోజే. "ఇంకెన్నాళ్లుంటారు?" అని నోటితో అనకపోయినా, గిన్నె కింద పెట్టే చప్పుడులో అది వినిపించేస్తుంది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి చెవులు అలాంటి చప్పుళ్లను ఇట్టే పట్టేస్తాయి.

అలాంటి ఇంట్లోకి తీరం నుంచి ఒకావిడ వచ్చిందనుకోండి. సొంత ఇంట్లో ఆమె చేతికి క్షణం తీరిక ఉండేది కాదు. ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇంటావిడ చాట తీసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "ఇలా ఇవ్వు వదినా, నేను చేస్తాను" అని వచ్చినావిడ చెయ్యి చాపుతుంది. మనం వెంటనే అనే మాట: "అయ్యో, నువ్వు కూర్చో, ఎంత కష్టంలో ఉన్నావు!" ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో ఆమెకు మిగిలిన ఒక్క ఆధారాన్నీ లాగేసుకున్నట్టే. చాట ఆమె చేతికి ఇవ్వండి. చోడి అంబలి మీ ఇంట్లో ఎలా కాస్తారో చూపించండి, చేపల పులుసు వాళ్లింట్లో ఎలా పెడతారో అడగండి. ఆ పూట ఆమె మీ ఇంటి మనిషి.

కొయ్యూరు వాళ్లకు ఇది ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పాండ్రంగిలో పుట్టిన కుర్రాడు 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. మన్యానికి అతను పరాయివాడు. వచ్చిన చోట మూలికలతో వైద్యం చేశాడు, తగవులు తీర్చాడు, అడిగినవాళ్లకు మంచి చెప్పాడు. జనం ఆ పని చేయనిచ్చారు, అతన్ని తమవాడిగా చేసుకున్నారు. 1922లో అతను తిరగబడినప్పుడు కొండపల్లెలు అన్నం పెట్టి దాచాయి, దాని బాధలూ పడ్డాయి. 1924 మే 7న కొయ్యూరులో తెల్లదొరల తుపాకులకు బలైనప్పుడు అల్లూరి సీతారామరాజు ఈ నేల బిడ్డ. పరాయి మనిషి మనవాడు అయ్యేది మనం పెట్టిన అన్నంతో మాత్రమే కాదు, మనకోసం అతన్ని ఏదైనా చేయనిచ్చినప్పుడు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. తుఫాను బాధితుల విషయంలో నేనైతే ఆ సామెతను పక్కన పెట్టేస్తాను. అభిమానం ఉన్న మనిషి సబ్బు కావాలని కూడా అడగడు. అడగకుండానే అక్కడ పెట్టేసి వెళ్లిపోవాలి. అలాగే "ఎంత పోయింది?" అని వచ్చిన ప్రతి ఒక్కరూ అడగడం మానాలి. పదిమందికి పదిసార్లు చెబితే, పదిసార్లూ తన పడవ మునిగినట్టే ఉంటుంది. తనంతట తాను చెప్పిన రోజు మాత్రం పని ఆపి వినండి.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. పెట్టే ఇల్లు కూడా అలసిపోతుంది. హుద్‌హుద్‌కి మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి, కొండమీది వాళ్లూ నష్టపోయారు. ఓపిక అయిపోయినప్పుడు లోపల కుమిలిపోతూ పైకి నవ్వడం మంచితనం అనిపించుకోదు. పక్కింటివాళ్లను పిలిచి, "రెండు రోజులు పిల్లల్ని మీ దగ్గర పడుకోబెట్టుకోండి" అని అడగండి. భారం ఒక్క ఇంటిది కాకుండా వీధిది అయితే, వచ్చినవాళ్ల తల కూడా వంగదు.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు ఎలాగూ వస్తాయి. ఈసారి గాలివాన కబురు రాకముందే ఇంట్లోవాళ్లంతా ఒక పూట కూర్చుని మాట్లాడుకోండి: మనింటికి ఎవరైనా వస్తే ఏ గది ఇస్తాం, వాళ్లకు ఏ పని అప్పగిస్తాం, మనవల్ల కానప్పుడు ఏ ఇంటి తలుపు తడతాం. పిల్లల్ని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టుకోండి.